ఎవలికి అల్కగ?

బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డుకి ఆ పేరు బోర్డుల మీదే ఎక్కువ కనిపిస్తుంది. జనం నోట్లో అది బ్యాంక్ స్ట్రీట్. మన్‌ఖూల్ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి అదే రోడ్డు కంప్యూటర్ స్ట్రీట్ అయిపోతుంది. 2000ల్లో శుక్రవారం సాయంత్రం అక్కడ నిలబడితే సగం గల్ఫ్ అక్కడే ఉందా అనిపించేది. మెమరీ చిప్పులు, మదర్‌బోర్డులు, సెకండ్ హ్యాండ్ మానిటర్లు, వాటి మధ్య బేరమాడే హిందీ, ఉర్దూ, మలయాళం, ఫార్సీ. తెలుగు కూడా వినపడేది, కొంచెం తగ్గు గొంతులో.

2005 డిసెంబరులో అలాంటి ఒక సాయంత్రం, మెమరీ చిప్పు కొందామని నేనొక దుకాణంలో నిలబడి ఉన్నాను. పక్కన నలభై దాటిన మనిషి ఒకాయన కొత్త కంప్యూటరు బేరం చేస్తున్నాడు. దుకాణం కుర్రాడు హిందీలో గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు. మాటకి ముందొకసారీ వెనకొకసారీ "యూజర్ ఫ్రెండ్లీ" అంటున్నాడు. అంతకు ముందు నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విన్నాడేమో, ఆయన నా వైపు తిరిగి "తమ్మీ, ఏమంటుండు ఈ పిలగాడు?" అని అడిగాడు.

"వాడుకోవటానికి చాలా తేలిక అంటున్నాడన్నా."

"ఎవలికి అల్కగ?"

అల్కగ అంటే తేలిగ్గా అని. మాది గుంటూరు వైపు, ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. ఆ మాట అర్థం కావటానికి నాకు ఒక క్షణం పట్టింది. ఆ ప్రశ్న అర్థం కావటానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆయన షట్టరింగ్ కార్పెంటరు. ఊళ్ళో కూతురు ఇంటర్‌లో చేరింది, కంప్యూటరు కావాలందిట. కార్గోలో పంపుదామని చూస్తున్నాడు. "నా బిడ్డ తెలుగు మీడియం. ఇందుల తెలుగొస్తదా?" అని ఆయన అడగవలసిన అసలు ప్రశ్న అడిగాడు. వస్తుందన్నాను, ఇంజనీరుని కదా. దుకాణంలో నెట్ ఉంది కాబట్టి తెలుగు వికీపీడియా తెరిచి చూపించబోయాను. తెర నిండా డబ్బాలు. ఒక్క అక్షరం లేదు, చతురస్రాకారపు డబ్బాలు వరసగా పేర్చినట్టున్నాయి. ఆయన నన్ను చూసిన చూపు నాకింకా గుర్తు. పక్కనే ఇంకొక కంప్యూటరు ఉంది, ఎవరో అరబ్బీ గిరాకీ కోసం సిద్ధం చేసి పెట్టినది. ఊరికే దాంట్లో అదే పేజీ తెరిచాను. తెలుగు ముత్యాల్లా వచ్చింది. యంత్రం అదే, ధర అదే, ఆపరేటింగ్ సిస్టం కూడా అదే.

ఎందుకు అలా జరిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మేము ఇంజనీరింగులో ఆపరేటింగ్ సిస్టమ్స్ అనే సబ్జెక్టు చదివాం. (దీనికి "నిర్వహణ వ్యవస్థ" అనే మాట ఉంది గాని, అది వింటే నాకు పంచాయతీ ఆఫీసు గుర్తొస్తుంది, అందుకని వాడను.) కవరు మీద రాక్షసబల్లుల బొమ్మలున్న ఆ లావు పుస్తకం చాలామంది పాఠకులకి గుర్తుండే ఉంటుంది. దాని మొదటి అధ్యాయంలోనే ఆపరేటింగ్ సిస్టంకి రెండు పనులుంటాయని చెప్తారు. యంత్రాన్ని సమర్థంగా నడపటం ఒకటి, మనిషికి అనువుగా ఉండటం రెండోది. ఆ తర్వాత వందల పేజీలు మొదటి పని గురించే. ప్రాసెసర్ సమయాన్ని ఎలా పంచాలి, మెమరీని ఎలా ముక్కలు చెయ్యాలి, డెడ్‌లాక్ వస్తే ఎలా విడిపించాలి. మనిషికి అనువు అన్న సంగతి మీద పరీక్షలో ఒక్క రెండు మార్కుల ప్రశ్న కూడా రాలేదు.

నేను చదివినవాళ్ళలో ఆ రెండో పని గురించి పనికొచ్చే మాట చెప్పినవాడు లారీ టెస్లర్. ఆయన 1970ల్లో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనాలయంలో పనిచేశాడు, తర్వాత ఆపిల్‌కి వెళ్ళాడు. మనం రోజుకి వందసార్లు వాడే కట్, కాపీ, పేస్ట్ రూపుదిద్దుకున్నది ఆయన చేతుల్లోనే. 2020లో పోయాడు. ఆయన పేరు మీద ఒక సూత్రం ఉంది. ఫిజిక్సులో శక్తికి ఉన్నట్టే చిక్కుకి కూడా నిత్యత్వం ఉంటుంది. ఏ పనిలోనైనా ఒక స్థాయి చిక్కు ఉండి తీరుతుంది, దాన్ని మాయం చెయ్యలేం. దాన్ని మోసేది ప్రోగ్రాము రాసినవాడా, వాడుకునేవాడా అన్నదొక్కటే మన చేతిలో ఉన్నది. లక్షలమంది తలా ఒక నిమిషం మొయ్యటం కంటే ఒక్క ఇంజనీరు ఒక వారం మొయ్యటం మేలని ఆయన వాదన.

ఈ లెక్కన చూస్తే ఆపరేటింగ్ సిస్టంల చరిత్రంతా బరువు ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదకి మారిన చరిత్రే. డాస్ రోజుల్లో బరువంతా మనదే. ఆజ్ఞలన్నీ కంఠస్థం చేసి, ఒక్క చుక్క తప్పు లేకుండా టైపు చెయ్యాలి. డ్రైవులో ఫ్లాపీ లేకపోతే అది "ఎబార్ట్, రిట్రై, ఫెయిల్?" అని అడిగేది. ఫ్లాపీ పెట్టు నాయనా అనటానికి బదులు అంత ప్రాణాంతకమైన ప్రశ్న ఎందుకో నాకిప్పటికీ తెలియదు. 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సభలో మౌస్ చూపించాడు. 1973లో జిరాక్స్ ఆల్టో, 1981లో జిరాక్స్ స్టార్, 1983లో ఆపిల్ లీసా, 1984లో మెకింటాష్, 1985లో మొదటి విండోస్. అందరికీ అందింది మాత్రం 1990లో విండోస్ 3.0, 1995లో విండోస్ 95 వచ్చాకనే. 3.0తో వచ్చిన సాలిటేర్ పేకాట జనానికి మౌసుతో పట్టుకుని లాగటం అలవాటు చేసిందని చెప్తారు. పేకాట వల్ల చదువొచ్చిన సందర్భం చరిత్రలో ఇదొక్కటే అయ్యుంటుంది.

ఈ యంత్రాల్లో నిజంగా మెచ్చుకోవలసింది బొమ్మల్ని కాదు, క్షమాగుణాన్ని. పొరపాటున తుడిచేసినది చెత్తబుట్టలో దొరుకుతుంది. చేసినది నచ్చకపోతే అన్‌డూ అంటే వెనక్కి పోతుంది. తప్పు చేస్తే కొంప మునగదని తెలిసినవాడే ధైర్యంగా మీట నొక్కుతాడు. చిన్నపిల్లలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకునేది ఆ ధైర్యంతోనే.

అయితే ఆ బొమ్మలు ఎవరి ఇంట్లోవి? టేబులు, దాని మీద కాగితాలు, అట్ట ఫోల్డర్లు, మూలన చెత్త డబ్బా. అది అమెరికా గుమాస్తా గది. మన కలెక్టరాఫీసులో "ఫైలు" అంటే తాడు కట్టిన అట్టల కట్ట, దానిలో కాగితాలుంటాయి. కంప్యూటరు దాన్ని ఫోల్డర్ అంటుంది, లోపలి కాగితాన్ని ఫైలంటుంది. మా నాన్నగారు రిటైరయ్యాక కంప్యూటరు ముందు కూర్చుని, ఫైల్లో ఫోల్డర్ పెట్టాలో ఫోల్డర్లో ఫైలు పెట్టాలో తెలియక వారం రోజులు కొట్టుకున్నారు. ఆయన ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళతో బతికిన మనిషి. ఆయనకి తెలియక కాదు, తెలియటం వల్ల వచ్చిన చిక్కు అది.

ఇప్పుడు బర్ దుబాయ్ దుకాణానికి మళ్ళీ వద్దాం.

గల్ఫ్‌లో ఈ "ఎవలికి" అన్న ప్రశ్న మనకంటే చాలా ముందే అరబ్బులు వేసుకున్నారు. 1982లో కువైట్‌లో మహమ్మద్ అల్ షారిఖ్ అనే ఆయన అల్ ఆలమియా అనే కంపెనీ పెట్టి, "సఖ్ర్" పేరుతో అరబ్బీ మీటలున్న ఇంటి కంప్యూటర్లు తెచ్చాడు. జపాను కంపెనీల ఎంఎస్ఎక్స్ యంత్రాలే, వాటికి అరబ్బీ నేర్పించాడు. 1980ల్లో ఇక్కడ పెరిగిన అరబ్బు పిల్లలు చాలామందికి మొదటి కంప్యూటరు అదే. 1990లో ఇరాక్ కువైట్ మీద పడ్డాక ఆ కంపెనీ కైరోకి తరలిపోయింది. దుబాయ్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్లో 1981లోనే కంప్యూటర్ల ప్రదర్శన మొదలయింది. ఇప్పుడు జైటెక్స్ అని మనమంతా వెళ్ళేది అదే. కొనేవాళ్ళున్నారు, కొనే ప్రభుత్వాలున్నాయి, అరబ్బీ లేకపోతే ఆఫీసుల్లోకి రానివ్వం అనగలిగిన స్థోమత ఉంది. కాబట్టి కంపెనీలు ఆ బరువు తలకెత్తుకున్నాయి.

అది చిన్న బరువు కాదు. అరబ్బీ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. మధ్యలో అంకెలొస్తే అవి ఎడమ నుంచి కుడికి. ఒకే అక్షరం మాట మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా, ఒంటరిగా ఉంటే మరొకలా ఉంటుంది. మెమరీలో ఉన్న సంకేతాన్ని అలాగే తెర మీద అచ్చేస్తే కుదరదు, పక్కన ఎవరున్నారో చూసి రూపం మార్చాలి. అరబ్బీ విండోస్‌లో స్టార్ట్ బటన్ కుడి మూలన ఉంటుంది, కిటికీ మూసే గుర్తు ఎడమ మూలన. ఇల్లంతా అద్దంలో చూసినట్టు తిప్పి కట్టారన్నమాట.

పక్కన ఎవరున్నారో చూసి రూపం మార్చుకోవటం. ఈ మాట వింటే తెలుగువాళ్ళకి ఏదో గుర్తు రావాలి. మన గుణింతం, మన వత్తు చేసే పనీ అదే కదా. "క్షేమం" అన్న మాట మన కంటికి రెండక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఆరు: క, పొల్లు, ష, ఏత్వం, మ, సున్న. ఈ ఆరింటినీ కలిపి రెండు ముద్దలు చేసే పనిమనిషి ఒకడు లోపల కావాలి. 1991లో యూనికోడ్ మొదటి సంచిక వచ్చినప్పుడే తెలుగుకి 128 గళ్ళ పట్టిక ఇచ్చారు గాని, ఆ పనిమనిషి చాలాకాలం రాలేదు. విండోస్‌లో ఆ పనిమనిషి పేరు యూనిస్క్రైబ్. విండోస్ 2000లో దానికి హిందీ, తమిళం వచ్చాయి. తెలుగు 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది, గౌతమి అనే ఫాంటుతో సహా.

వచ్చింది గాని తలుపు చాటున కూర్చుంది. కంట్రోల్ పానెల్‌లోకి వెళ్ళి, భాషల కిటికీ తెరిచి, "సంక్లిష్ట లిపులూ, కుడి నుంచి ఎడమకి రాసే భాషలూ" అన్న ఒక గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడది సీడీ పెట్టమంటుంది. సీడీ ఉన్న పుణ్యాత్ముడు పెడితే, కొన్ని మెగాబైట్లు ఎక్కించుకుని, రీస్టార్ట్ చేశాక, అప్పుడు తెలుగు కనిపిస్తుంది. ఇంగ్లీషు రాని మనిషికి తన భాష కనపడాలంటే ముందు ఇంత ఇంగ్లీషు దాటి రావాలి. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టు.

ఆ గడిలో ఉన్న మాటలు ఇంకొకసారి చూడండి. అరబ్బీకీ, హీబ్రూకీ, థాయికీ, తెలుగుకీ, మొత్తం "చిక్కు భాషలన్నిటికీ" కలిపి ఒకే టిక్కు. కాబట్టి అరబ్బీ కోసం సిద్ధం చేసిన ప్రతి కంప్యూటర్లోనూ తెలుగు తనంతట తానే దిగి కూర్చుంది. కంప్యూటర్ స్ట్రీట్‌లో ఆ రోజు మేము చూసింది అదే. అరబ్బుల స్థోమత వల్ల తెరుచుకున్న తలుపులోంచి మనం కూడా లోపలికి వచ్చాం, పెళ్ళివారితో పాటు బ్యాండు మేళంవాళ్ళలా. హైదరాబాదులో ఆ ఏడు అమ్మిన కంప్యూటర్ల కంటే బర్ దుబాయ్‌లో అరబ్బీతో అమ్మినవే తెలుగుకి ఎక్కువ అనుకూలం అంటే నవ్వొస్తుంది గాని, నిజం అదే.

ఆయన ఆ రెండో కంప్యూటరే కొన్నాడు.

మీటల మీద మాత్రం ఇంగ్లీషూ అరబ్బీనే. తెలుగు ఎలా టైపు చెయ్యాలి? ఇక్కడ మన చరిత్ర కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది జీతం పుచ్చుకోని మనుషులు చేసిన పని. 1990ల తొలి సంవత్సరాల్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతి తయారు చేశారు. ఆర్‌టీఎస్ అంటే అదే. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఒకరికొకరు రాసుకున్న తొలి ఎలక్ట్రానిక్ తెలుగు చాలావరకు ఆ లిపిలోనే ఉంది. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన అని రెండు యూనికోడ్ ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలు పెట్టిన వెన్న నాగార్జునే "పద్మ" అనే చిన్న ప్రోగ్రాము రాశారు. ఆ రోజుల్లో మన పత్రికల వెబ్‌సైట్లన్నీ ఎవరి ఫాంటు వారిదే. ఒకరి ఫాంటు వేసుకుంటే ఇంకొకరి పేపరు పిచ్చి గీతలు. ఒక ఇంట్లో నాలుగు పేపర్లు చదవాలంటే నాలుగు ఫాంట్లు దింపుకోవాలి. పద్మ వాటన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. 2006లో వీవెన్ "లేఖిని" పెట్టారు. ఏదీ ఎక్కించుకోనక్కరలేదు, ఇటు ఇంగ్లీషు అక్షరాలు కొడితే అటు తెలుగు పడుతుంది. నాలాంటివాళ్ళు వేలమంది మళ్ళీ తెలుగు రాయటం మొదలుపెట్టింది దానితోనే. హైదరాబాదులో "స్వేచ్ఛ" మిత్రులు లినక్స్‌ని తెలుగులోకి తెచ్చే పని చేశారు. ఇవన్నీ టెస్లర్ చెప్పిన ఆ వారం రోజుల బరువు మోసిన భుజాలే. ఆ బరువు అసలు మొయ్యవలసిన కంపెనీలు వేరే ఉన్నాయని వాళ్ళకి తెలియక కాదు.

కాని ఆర్‌టీఎస్ ఎవలికి అల్కగ? నాకు. నాన్న అన్న మాట మనసులో మెదలగానే ఇంగ్లీషు అక్షరాల్లో పేర్చుకోగలిగిన ఇంజనీరుకి. తెలుగు మీడియంలో చదివిన జగిత్యాల పిల్లకి ఆ దారి వద్దనిపించింది. అందుకని ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రభుత్వపు పద్ధతి ఎంచుకున్నాం. 1980ల్లో తయారైనది. ఎడమ చేతి కింద అచ్చులు, కుడి చేతి కింద హల్లులు. అన్ని భారతీయ భాషలకీ ఒకటే అమరిక, చాలా తర్కబద్ధమైన పని. బడిలో నేర్పేవాళ్ళు లేక ఆ మంచి పనికి పేరు రాలేదు. క మాత్రం కాకతాళీయంగా ఇంగ్లీషు కే మీట మీదే ఉంటుంది, పొల్లు డి మీద. ఒక అట్టపెట్టె పక్కన కూర్చుని తెల్లకాగితం చిన్న చిన్న ముక్కలు కత్తిరించి, ఒక్కొక్క దాని మీద అక్షరం రాసి, పారదర్శకంగా ఉండే టేపుతో మీటల మీద అంటించాను. ఆయన పక్కన నిలబడి "ఱ యాడున్నది?" అని పరీక్ష పెట్టాడు. కంప్యూటరు కార్గోలో వెళ్ళింది.

రెండు నెలలకి మొదటి ఉత్తరం వచ్చింది. ఆ అమ్మాయి ఇంట్లో టైపు చేసి, ఫ్లాపీలో పెట్టుకుని జగిత్యాల నెట్ సెంటరుకి వెళ్ళి నాకు మెయిలు చేసింది. ఆ శుక్రవారం ఆయన నా గదికి వచ్చాడు. తెరిచాం. మొత్తం ప్రశ్నార్థకాలు. పేజీ నిండా ప్రశ్నార్థకాలు, మధ్యలో ఖాళీలు, అక్కడక్కడ ఫుల్‌స్టాపులు. ఉత్తరం ఎంత పొడుగో తెలుస్తోంది, పేరాలు ఎన్నో తెలుస్తున్నాయి, మాట ఒక్కటి లేదు. ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఏమయిందో నాకు వెంటనే తెలిసింది. ఆ అమ్మాయి వాడిన ప్రోగ్రాము భద్రపరిచేటప్పుడు పాత పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే పట్టే పద్ధతిలో భద్రపరుస్తానంటుంది. ఇలా చేస్తే మీ అక్షరాలు పోతాయి సుమా అని హెచ్చరిస్తుంది కూడా. ఆ హెచ్చరిక ఇంగ్లీషులో ఉంది. కింద ఓకే అని ఒక మీట ఉంది. ఓకే అంటే సరే అని అందరికీ తెలుసు. ఆ అమ్మాయి సరే అంది. తప్పు ఎవరిదని అడిగితే నా తోటి ఇంజనీర్లు "హెచ్చరించాం కదా" అంటారు. నేనూ అలాంటి హెచ్చరికలు ఎన్నో రాశాను. అర్ధరాత్రి పని ముగించే తొందరలో, ఎవరు చదువుతారో, ఏ భాషలో చదువుతారో ఆలోచించకుండా రాశాను. ఆ ప్రశ్నార్థకాల పేజీ చూశాక ఏ కిటికీలో ఓకే మీట పెట్టినా చెయ్యి ఒక క్షణం ఆగుతుంది.

ఫోను చేసి ఎక్కడ ఏం మార్చాలో ఆ అమ్మాయికి చెప్పాం. రెండో ఉత్తరం సరిగ్గానే వచ్చింది. అందులో ఏముందో నేను చదవలేదు, కుర్చీ ఆయనకిచ్చి వంటగదిలోకి వెళ్ళాను.

బరువు మోసేది ప్రోగ్రామరో వాడుకరో అన్నాడు గాని, టెస్లర్ బర్ దుబాయ్ చూసి ఉంటే మూడో మనిషిని కూడా చేర్చేవాడు. ఇక్కడ వీధికి రెండు టైపింగ్ సెంటర్లుండేవి. వీసా కాగితమైనా, లేబర్ కాగితమైనా, అరబ్బీలో నింపవలసినదేదైనా కొన్ని దిర్హాములిస్తే వాళ్ళు కొట్టి పెట్టేవాళ్ళు. మన పల్లెల్లో ఉత్తరాలు రాసిపెట్టే పోస్టుమాన్‌కి ఇంకో రూపం. లక్షలమంది కార్మికులకి కంప్యూటరంటే ఆ కౌంటరు అవతలి మనిషే. ఆయన మంచివాడైతే యూజర్ ఫ్రెండ్లీ, విసుక్కునేవాడైతే కాదు.

ఫోన్ల కాలం వచ్చాక కథ మారింది, కాని నేననుకున్న వైపు కాదు. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషైతే ఒకదానిలో 160 అక్షరాలు పట్టేవి, తెలుగైతే 70. పైన చెప్పిన లెక్కలో ఒక్క క్షేమానికే ఆరు ఖర్చు. అదీ అవతలి ఫోనుకి తెలుగు వస్తే. రాకపోతే మళ్ళీ డబ్బాలే. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు సరిగ్గా కనిపించటం 2012లో 4.1 సంచికతో మొదలయింది. ఆ మరుసటి ఏడు, 2013లో, వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపే వీలు వచ్చింది. ఈ దేశంలో వాట్సాప్ కాల్స్ ఏళ్ళ తరబడి పనిచెయ్యలేదు గాని, గొంతు సందేశాలు వెళ్ళేవి. సోనాపూర్ క్యాంపుల నుంచి సత్వా గదుల దాకా మనవాళ్ళు ఆ మైకు బొమ్మ మీద బొటనవేలు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టారు. ఇన్‌స్క్రిప్ట్ అక్కరలేదు, ఆర్‌టీఎస్ అక్కరలేదు, ఫాంటు అక్కరలేదు, చదువే అక్కరలేదు. నా జీవితంలో నేను చూసిన అన్నిటికంటే స్నేహపూర్వకమైన బటన్ అదే అని ఒప్పుకోవాలి. ఆయన కూడా ఉత్తరాలు మానేసి దానిలోకి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం కొంచెం గుచ్చుకుంటూనే ఉంటుంది. అక్షరాన్ని తేలిక చెయ్యటానికి పాతికేళ్ళు పట్టింది. ఈలోగా అక్షరం చుట్టూ తిరిగిపోయే దారి పడిపోయింది.

2018 ఫిబ్రవరిలో ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది. ఒక తెలుగు అక్షరం ఐఫోన్లని పడగొడుతోందని. ఆ అక్షరం "జ్ఞా". మామూలు జ్ఞానంలోని జ్ఞా కాదు. జకీ ఞకీ దీర్ఘానికీ మధ్య, వత్తు కలవకుండా ఆపే ఒక అదృశ్య సంకేతం అనుకోని చోట పడితే, ఆ ముద్దని ఎలా గియ్యాలో తెలియక అది చూపించే ప్రోగ్రాము కూలిపోయేది. (ఆ అదృశ్య సంకేతం పనికిమాలినది కాదు. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే అది కావాలి, లేకపోతే ట కింద వ వత్తు పడి నోరు తిరగదు.) సందేశం వస్తే చాలు, తెరవబోతే ఫోను చతికిలపడేది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 సంచికతో దాన్ని సరిదిద్దింది. పత్రికలన్నీ "తెలుగు అక్షరం ఫోన్లని చంపుతోంది" అని రాశాయి. మా ఆఫీసులో నన్ను చూసి నవ్వారు, మీ భాష ప్రమాదకరమన్నారు. కూలింది తెలుగు కాదు, తెలుగుని సరిగ్గా పరీక్షించని ప్రోగ్రాము అని నేను ఒక్కొక్కరికీ చెప్పాను. ఎవరికీ అంత ఆసక్తి లేదు. ఎనిమిది కోట్లమంది రాసే లిపిలో ఒక కలయికని ఎవరూ నొక్కి చూడలేదంటే, నొక్కి చూడవలసిన గదిలో తెలుగువాడు లేడని కాదు. మన ఊళ్ళవాళ్ళు అన్ని గదుల్లోనూ ఉన్నారు. అడిగినవాడు లేడు.

2017లో గూగుల్ తెలుగు మాటని అక్షరాలుగా మార్చే వీలు తెచ్చింది. ఆ తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి, రోజూ వస్తున్నాయి. ఈ వ్యాసం కోసం ఫోనులో ఒకదానికి "ఎవలికి అల్కగ" అని చెప్పి చూశాను. "ఎవరికి అలక" అని రాసింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అలకే. మా గుంటూరు మాటలు కొంచెం బాగానే పట్టుకుంది.

ఆయన 2014లో ఇంటికి వెళ్ళిపోయాడు. అప్పుడప్పుడూ గొంతు సందేశం పంపుతాడు, చాలా పొడుగ్గా, వానల సంగతీ పసుపు ధర సంగతీ. కూతురు ఇప్పుడు టీచరట. మొన్నటి సందేశంలో ఆ కంప్యూటరు సంగతి అడిగాను. యంత్రం ఎప్పుడో పాత సామాన్లవాడికి ఇచ్చేశారట. కీబోర్డు మాత్రం బిడ్డ ఇయ్యనియ్యలేదట, అటక మీద ఉంది. టేపు పచ్చబడి, సగం కాగితాలు ఊడిపోయినాయట.